ఎనకాల బస్సు ఖాళీగా వస్తాంది

పోయిన నెల మా బడికి కొత్త కంప్యూటర్లు వచ్చాయి. పాతవాటిలో ఉన్న పిల్లల పనులన్నీ తీసి భద్రపరుద్దామని ఒక సాయంత్రం ల్యాబులో కూర్చున్నాను. కొన్ని ఫైళ్ళకు పేర్లే లేవు. కొన్నిటికి గొర్రెలు-1, గొర్రెలు-2, చీమలు కొత్తవి అని ఉన్నాయి. వాటి మధ్య ఒకటి కనిపించింది: 'కండక్టర్ మామ రూలు'. తెరిచాను. నల్లటి తెర మీద సన్నటి గీత, గీత పొడుగునా బస్ స్టాపులు, స్టాపుల దగ్గర చుక్కలు, మూడు చిన్న బస్సులు. మీట నొక్కగానే బస్సులు కదిలాయి.

నవ్వొచ్చింది. ఆ ఫైలు చేసిన అమ్మాయి ఇప్పుడు మదనపల్లెలో డిగ్రీ చదువుతోంది. వెంటనే ఫోన్ చేసి, "ఏం దొరికిందో చెప్పుకో" అన్నాను. చివరికి నేనే చెప్పాను.

"మేడమ్, మీకు తెల్దా? మామ పోయి మూడు నెల్లయింది. కుప్పంలో. అన్నం తిని పండుకున్నోడు తెల్లారి లేయలేదంట."

నాకు తెలియదు. తెర మీద బస్సులు మాత్రం తిరుగుతూనే ఉన్నాయి.

ఆయన మదనపల్లె నుంచి పుంగనూరు మీదుగా కుప్పం పోయే బస్సులో కండక్టరు. నా కాపురం మదనపల్లెలో, ఉద్యోగం పుంగనూరు దాటాక రోడ్డు పక్కనున్న ఒక హైస్కూల్లో. పాఠం చెప్పేది లెక్కలు. కంప్యూటర్లు తెలిసినవాళ్ళు వేరే లేక ల్యాబు కూడా నా నెత్తినే పడింది. పొద్దున ఏడూ పది బస్సులో ఆయనతో ఆరేళ్ళు ప్రయాణం చేశాను.

ఆయన ఎవరినీ పేరుతో పిలిచేవాడు కాదు. మనిషి దిగే ఊరే మనిషి పేరు. "ఏమప్పా పుంగనూరు, రోంత లోపలికి జరుగు." "యమ్మా పలమనేరు, ఆ సంచి కాళ్ళ కింద పెట్టుకో." నన్ను మొదట్లో హైస్కూలు టీచరమ్మ అనేవాడు. ఏడాది తిరిగేసరికి ఉత్త హైస్కూలునయ్యాను. అలాంటి మనిషిని నేనిక్కడ పేరుతో రాయలేకపోతున్నాను.

విజిల్ ఎప్పుడూ పళ్ళ మధ్యే ఉండేది. దాన్ని తీయకుండానే మాట్లాడేవాడు. మాటలో 'స' పలికినప్పుడల్లా సన్నగా కూత వచ్చేది. ఎవరితోనో "సీటు సూసుకో" అన్నందుకు డ్రైవరు రైట్ అనుకుని బస్సు కదిలించిన రోజులు చాలానే ఉన్నాయి. ఇద్దరూ ఆ విషయం మీద పుంగనూరు దాకా పోట్లాడుకునేవాళ్ళు.

అసలు పోట్లాట మాత్రం ఆపడం గురించి. ఎక్కడో పొలం గట్టు మీద మనిషి ఆకారం కనబడితే చాలు, ఆయన బస్సు ఆపించేవాడు. "ఆ నడక సూడు. బస్సు కోసరం వచ్చే నడక అది. పని మీద పోయే నడక అట్ల ఉండదు" అనేవాడు. డ్రైవరు స్టీరింగు మీద చేతులు పెట్టి నిట్టూర్చేవాడు. చాలాసార్లు ఆయన లెక్క నిజమే అయ్యేది. ఒకసారి మాత్రం ఒక రైతు గట్టు దిగి, కాలవ దాటి, నింపాదిగా బస్సు దాకా వచ్చి, "నేను యాడికీ పోనప్పా. బస్సు ఆగిందే, ఏమన్నా చెడిందేమోనని సూడను వస్తి" అన్నాడు. బస్సంతా నవ్వింది. ఆయన కూడా నవ్వి, "చెడలేదు. మంచిగానే ఉండాది" అని రైట్ చెప్పాడు.

ఎవరైనా విసుక్కుంటే ఆయన చెప్పే జవాబు ఒక్కటే. "మనం నిలబడితే ఒక నిముషం. ఆయమ్మ నిలబడితే ఇంగో బస్సు వచ్చేదాకా." దానికి ఎదురు చెప్పగలిగినవాళ్ళను నేను చూడలేదు.

ఒకసారి కుప్పంలో మా టీచర్లకు రెండు రోజుల శిక్షణ ఉండి, ఆ బస్సులో మొదటిసారి చివరిదాకా పోయాను. మా బడి దాటాక ఆయన వేరే మనిషి. ఒక స్టాపులో కన్నడం, తర్వాతి స్టాపులో తమిళం, మధ్యలో మళ్ళీ మన తెలుగు. కుప్పం దగ్గర పడేసరికి మూడూ కలిసి ఒకే మాటలో వచ్చాయి. జనం పలచబడ్డాక నేను ల్యాప్‌టాప్ తెరిచి మర్నాడు చూపించాల్సింది సరిచూసుకుంటున్నాను. అది పిల్లలకు నేర్పే సాఫ్ట్‌వేర్. తెర మీద చిన్న చిన్న బొమ్మలను పెట్టి, ఒక్కో బొమ్మ ఎలా నడుచుకోవాలో రూలు రాసి వదిలేస్తాం. అన్నీ కలిస్తే ఏం జరుగుతుందో కూర్చుని చూస్తాం. ఆ రోజు నా తెర మీద గొర్రెలు గడ్డి మేస్తున్నాయి.

ఆయన నా భుజం మీదుగా వంగి చూశాడు. "ఈ గొర్రెలకు కాపరి లేడా?"

"లేడు."

"కాపరి లేకుండా ఎట్ల మేస్తాయి హైస్కూలూ?"

"ఒక్కో గొర్రెకీ రూలు ఉంది. కింద గడ్డి ఉంటే తిను, లేకపోతే పక్కకి జరుగు. మందంతా ఏమవుతుందనేది మనం రాయం. అదే తేలుతుంది."

గొర్రెలు పెరిగాయి. గడ్డి తరిగింది. గొర్రెలు ఒక్కొక్కటే మాయమవుతుంటే ఆయన నోట్లోంచి విజిల్ తీశాడు. మిగిలిన నాలుగైదు గొర్రెల చుట్టూ మళ్ళీ పచ్చగా గడ్డి మొలిచేదాకా కదల్లేదు.

"ఇది మా బస్సు మాదిరే ఉండాది" అన్నాడు. "ఎవురి రూలు వాళ్ళదే. బస్సంతా కలిసి ఏమయితాదో ఎవురికీ తెల్దు."

ఆ మాటను నేను మర్నాడు శిక్షణలో నా సొంత మాటలాగా చెప్పాను. అందరూ మెచ్చుకున్నారు.

తిరిగొచ్చాక తొమ్మిదో తరగతి పిల్లలకు ఆ సాఫ్ట్‌వేర్ నేర్పడం మొదలుపెట్టాను. గొర్రెలు, చీమలు అయ్యాక, మీరు రోజూ చూసేదేదైనా చేయండి అన్నాను. ఒక అమ్మాయి లేచింది. మా బడికి మూడు స్టాపుల ముందు ఎక్కే పిల్ల. ప్రార్థనలో ప్రతిజ్ఞ చెప్పించే పని ఒకప్పుడు ఈ పిల్లదే. గొంతు అంత స్పష్టంగా ఉండేది. వారంలో మూడు రోజులు ఆలస్యంగా వస్తుండడంతో హెడ్మాస్టరు ఆ పని ఇంకొకరికి ఇచ్చాడు. ఆయన చెడ్డవాడు కాదు. గంట కొట్టాక వచ్చినవాళ్ళు గేటు దగ్గరే నిలబడాలన్నది ఆయన రూలు. అదే బస్సు దిగే నాకు మాత్రం, టీచర్ను గనక, ఆ రూలు లేదు.

మా కండక్టరు కూడా ఈ పిల్ల బస్సెక్కగానే, "వచ్చిందప్పా నిద్రమొగం స్టాపు. ఈపొద్దు గూడా లేటే" అని నవ్వేవాడు. ముందు బస్సు అందుకోకుండా నిద్రపోయిందని ఆయన లెక్క. పిల్లా నవ్వేది.

"మేడమ్, బస్సులు యాల జంటగా వస్తాయి?" అని అడిగింది. "ముప్పావుగంట దాకా ఒకటీ రాదు. వస్తే రెండూ ఒకేతూరి వస్తాయి. మొదటిదాంట్లో కాలు పెట్టను సందుండదు. రెండోది ఖాళీ. రెండోది వస్తాదని ముందే తెలిస్తే గదా."

చేసి చూద్దాం అన్నాను.

పిల్లలు రెండు వారాలు కష్టపడ్డారు. ఏ స్టాపులో ఎంతమంది ఎక్కుతారు, ఎక్కడానికి ఎంతసేపు పడుతుంది, అన్నీ కండక్టరునే అడిగి రాసుకున్నారు. ఆయనకు పండగలా ఉండింది. అడగనివి కూడా చెప్పేవాడు. "ఆగే రూలు మర్సిపోవద్దండి. నా బస్సు మనుషుల కోసరం ఆగతాది" అని రెండుసార్లు గుర్తుచేశాడు. ఆ అమ్మాయి అదీ రాసింది. స్టాపుల్లో ఉన్న జనం చుక్కలు. వచ్చినప్పుడు పచ్చగా ఉంటాయి, నిలబడే కొద్దీ పసుపు, మరీ ఆలస్యమైతే ఎరుపు.

అంతా అయ్యాక ఆయన్ను పిలిచాం. వారానికి ఒకరోజు ఉండే సెలవు నాడు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. విజిల్ లేకుండా ఆయన గొంతు వినడం నాకది రెండోసారి. పిల్లల బెంచీ మీద కూర్చుంటే మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి.

అమ్మాయి మీట నొక్కింది. మదనపల్లెలో మొదటి బస్సు బయల్దేరింది. "ఇది మార్కెట్టు యార్డు కాడ. ఆడ జనం జాస్తి" అంటూ ఆయన ప్రతి స్టాపునూ గుర్తుపట్టాడు. బస్సు ఆగినప్పుడల్లా పక్కనున్న పిల్లవాడి వీపు తట్టాడు. బస్సు ఆగిన కొద్దీ ముందు స్టాపుల్లో జనం పెరిగారు. జనం పెరిగిన కొద్దీ ఎక్కడానికి ఇంకా సేపు పట్టింది. వెనక బస్సుకి ఎక్కేవాళ్ళు లేరు. అది ఉరుక్కుంటూ వచ్చి మొదటిదానికి అంటుకుంది. పుంగనూరు దాటేసరికి రెండూ జంట. ఆ పైన స్టాపుల్లో చుక్కలన్నీ ఎర్రగా ఉన్నాయి.

"ఆ ఎర్ర సుక్కలు ఎవురు?" అన్నాడు.

అమ్మాయి ఒక చుక్కను వేలితో చూపించింది. "ఇది నేనే మామా."

ఆయన ఆ పిల్ల వైపు తిరిగాడు. "నువ్వు ఎన్ని గంటలకొస్తావు స్టాపుకి?"

"ఎనిమిదికే వచ్చి నిలబడతా."

"మరి నేను దినామూ నిద్రమొగం అంటాంటే యాల చెప్పలేదు?"

"నువ్వు నవ్వుతా అంటావు గదా. నాగ్గూడా ఇది చేసినాకే తెల్సింది మామా. మా స్టాపుకి బస్సు అట్లనే వస్తాదేమో అనుకుంటి."

"ఇంగోతూరి నడుపు" అన్నాడు. నడిపింది. ఐదుసార్లు నడిపించాడు. ప్రతిసారీ జనం వేరుగా వచ్చారు, చివర మాత్రం ఎరుపే. "ఆగే రూలు తీసేసి నడుపు" అన్నాడు. ఎర్ర చుక్కలు సగానికి సగం తగ్గాయి. ఆయన లేచాడు. తెప్పించిన టీ తాగలేదు. గుమ్మం దగ్గరికి పోయేసరికి వెనక బెంచీ పిల్లవాడు, "ఈపె లేటుగా వస్తాందనే ప్రతిజ్ఞ తీసేసినారు మామా" అన్నాడు. ఆయన విన్నాడు. చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు.

సోమవారం నుంచి బస్సు దారి మధ్యలో ఎక్కడా ఆగలేదు. స్టాపులో ఉన్నవాళ్ళే ఎక్కాలి. గట్ల మీద ఎవరున్నా ఆయన తల తిప్పలేదు. బస్సు సమయానికి పోయింది. లోపల మాత్రం మాటల్లేవు. మూడో రోజు, పుంగనూరుకు కనకాంబరాలు తెచ్చే ఒక ముసలామె అడ్డదారిలో వస్తుండగానే బస్సు కదిలింది. ఎన్నేళ్ళుగానో ఆమె కోసం ఆగిన బస్సు. వెనక అద్దంలోంచి చూస్తే, బుట్ట నెత్తిన పెట్టుకుని రోడ్డు మధ్యలో నిలబడి ఉంది. తిట్టడం కూడా మరిచిపోయినట్టుంది. మలుపు తిరిగేదాకా ఆయన అటే చూశాడు. ఆ రోజు నాకు రెండు టికెట్లు కొట్టాడు.

చివరికి డ్రైవరే ఓర్చుకోలేకపోయాడు. "దీనికంటే నువ్వు ఆపు ఆపు అని అరిసేదే మేలప్పా" అన్నాడు.

మళ్ళీ సెలవు నాడు ఎవరూ పిలవకుండానే ల్యాబుకి వచ్చాడు. అదే బెంచీ మీద కూర్చున్నాడు. "రెండు రూళ్ళూ తప్పే" అన్నాడు. "వారమంతా ఆలోచన చేసినా. మనం నా బస్సునొక్కదాన్నే సూస్తాండాము. ఎనక బస్సుకు ఏమీ తెల్దు పాపం, అది ఖాళీగా ఉరుకుతాంటాది. దానికి చెప్పల్ల. నేను ఒక నిముషం ఆగితే అదీ ఒక నిముషం ఆగల్ల. నా బస్సు నిండితే రోంతమంది దిగి దాంట్లో రావల్ల. ఇట్ల రాయండి సూద్దాము."

పిల్లలు రాయడానికి కూర్చున్నారు. ఒకచోట అమ్మాయి ఆగింది. "మామా, ఎనకాల బస్సు ఖాళీగా వస్తాందని నువ్వు చెప్తే ఎంతమంది నమ్ముతారు? ఈడ అంకె ఏయల్ల."

"అందురూ నమ్ముతారు."

పిల్లలందరూ ఒక్కసారి నవ్వారు. బస్సు నిండినప్పుడు ప్రతి కండక్టరూ చెప్పే మాట అది. వెనక బస్సు ఉన్నా చెబుతారు, లేకపోయినా చెబుతారు.

"సగం ఎయ్" అన్నాడు. తల గోక్కున్నాడు. "వద్దులే, నిజం చెప్తాండా. నూటికి పది ఎయ్."

పది వేసి నడిపితే పెద్ద తేడా రాలేదు. సగం వేసి నడిపితే రెండు బస్సులూ దూరదూరంగా, చుక్కలు పచ్చగా, చివరిదాకా పోయాయి. ఆయన రెండిటినీ మార్చి మార్చి చూశాడు.

"అంటే తప్పు బస్సులో లేదు. నా నోట్లో ఉండాది" అన్నాడు.

మర్నాడు పుంగనూరు బస్టాండులో మా బస్సు కిక్కిరిసి ఉంది. ఆయన మెట్టు మీద నిలబడి, "అప్పా, ఎనకాల బస్సు ఖాళీగా వస్తాంది. ఒక పదిమంది దాంట్లో రాండి" అన్నాడు. ఒక్కరూ కదల్లేదు. "ఈ మాట మా నాయన కాలం నుంచీ వింటాండాము" అని లోపల్నుంచి ఎవరో అన్నారు.

ఆయన ఫోన్ తీసి, అందరికీ వినబడేలా పెట్టి, వెనక బస్సు కండక్టరుకు కలిపాడు. "యాడుండావప్పా?"

"ఊర్లోకి వస్తాండాము. ఐదు నిముషాలు."

"సీట్లు?"

"ఇరవై దాకా ఉండాయి. యాల?"

"ఈడ నా మాట మింద కొంతమంది దిగుతాండారు. ఒక్కర్ని గూడా నిలబెట్టొద్దు. నా పరువు నీ చేతిలో ఉండాది."

అటువైపు మనిషికి ఏమీ అర్థం కాలేదు. "సరేన్నా" అన్నాడు. ఒక లావుపాటాయన మూటతో సహా మొదట దిగాడు. తర్వాత నలుగురు. అంకె పెరగాలని నేనూ దిగాను. ఐదు నిముషాలు ఏడయ్యాయి గానీ బస్సు వచ్చింది. అన్నేళ్ళలో మొదటిసారి కిటికీ పక్కన కూర్చుని బడికి పోయాను.

నెల తిరిగేసరికి జనమే అడగడం మొదలుపెట్టారు: "ఎనకది యాడుండాది?" ఆయన ఎంత ఉంటే అంత చెప్పేవాడు. వెనక బస్సు నిండి ఉంటే నిండి ఉందనే చెప్పేవాడు. పూలామె కోసం మళ్ళీ ఆగాడు, ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని. అన్ని రోజులూ కుదిరిందని చెప్పను. టమాటా లారీలు రోడ్డుకడ్డం నిలబడిన రోజు ఏ రూలూ పనిచేయలేదు. "దీనికేమి రాస్తారో మీ పిల్లోల్లని అడుగు హైస్కూలూ" అని ఎగతాళి చేసేవాడు.

ప్రతి ఉదయం నేను దిగేటప్పుడు మాత్రం ఒకే ప్రశ్న. "ఆ పాపకి ప్రతిజ్ఞ ఇచ్చినారా?" లేదంటే తలాడించేవాడు. ఇచ్చారని చెప్పిన రోజున కూడా తలాడించాడంతే. కానీ ఆ రోజు నుంచి ఆ పిల్లను నిద్రమొగం అనడం మానేసి ఎర్రసుక్క అనేవాడు. దిగే ఊరితో ఆయన పిలవని ప్రయాణికురాలు నాకు తెలిసి ఆ ఒక్కతే.

మరుసటి ఏడు, ఆ అమ్మాయి పదో తరగతిలో ఉండగా, ఆయన ఉద్యోగం అయిపోయింది. చివరి రోజు నేను ఆ బస్సులోనే ఉన్నాను. ప్రతి స్టాపులోనూ ఎవరో ఒకరు ఆపారు. ఒకరు శాలువా కప్పారు, ఒకరు బొప్పాయి ఇచ్చారు, ఒకామె అనపకాయల సంచి ఒళ్ళో పెట్టింది. ప్రయాణం లేనివాళ్ళు కూడా ఎక్కి, చేయి పట్టుకుని మాట్లాడి, తర్వాతి స్టాపులో దిగారు. డ్రైవరు ఒక్కసారి కూడా హారను కొట్టలేదు. ఆ రోజు ఆయనకు ఫోన్ తీయడమే గుర్తు రాలేదు. పుంగనూరులో వెనక బస్సు వచ్చి కలిసింది. దాని కండక్టరు దిగి వచ్చి కావలించుకున్నాడు. అంతలో మూడోది కూడా వచ్చింది. ముందుకు పోవడం ఎవరికీ ఇష్టం లేనట్టుంది. మూడూ వరసగా బయల్దేరి మా బడి ముందు ఆగాయి.

హెడ్మాస్టరు, పిల్లలు గేటు బయట నిలబడి ఉన్నారు. గేటు తెరిచే ఉంది. ఆయన దిగి, వెనక్కి తిరిగి, వరసగా ఉన్న మూడు బస్సులనూ చూసి నెత్తిన చేతులు పెట్టుకున్నాడు.

"నేర్సుకున్నిందంతా ఒక్క దినంతో పాడు చేస్తిని గదమ్మా. ఆ పక్క స్టాపుల్లో ఎంతమంది నిలబడుకోనుండారో."

"ఎవురూ నిలబడుకోలేదు మామా" అంది అమ్మాయి. "నిన్ననే నడిపి సూసినాము. ప్రతి స్టాపులోనూ జనం నీ కోసరం వస్తారని రాస్తే, పది తూర్లు నడిపినా మూడు బస్సులూ ఒకటిగానే వచ్చినాయి. ఆ ఊర్ల నుంచి వచ్చే పిల్లోల్లతో సాయంత్రమే అందురికీ చెప్పి పంపిస్తిమి, రేపు అరగంట నిదానంగా రాండి అని."

ఆయన చేతి గడియారం చూసుకున్నాడు.

"ఇరవై ఎనిమిది నిముషాలే లేటయింది" అన్నాడు. "ఇంగా రెండు నిముషాలు ఉండాది."

అని గేటు పక్క అరుగు మీద కూర్చుని, హెడ్మాస్టరు ఇచ్చిన టీ నిదానంగా తాగాడు.